షట్టర్ బరువెక్కితే నూనె డబ్బా తీయకండి

పొద్దున్నే కొట్టు తెరవబోతే షట్టర్ మొరాయించింది. మన బజార్లలో దానికి అందరూ చెప్పే మందు ఒకటే: నూనె. పక్క కొట్టాయన అదే చెబుతాడు, టీ తెచ్చిన కుర్రాడూ అదే చెబుతాడు. గైడ్లలో ఇంత గ్రీజు కుక్కుతారు, బైకు మెకానిక్కుని అడిగి వేస్టు ఆయిల్ తెచ్చి పైనుంచి కారుస్తారు. రెండ్రోజులు తేలికైనట్టే అనిపిస్తుంది. మూడో రోజుకి మళ్లీ అదే బరువు, పైగా చేతులకి నల్లటి జిడ్డు. కీచుమంటే నూనె పని చేస్తుంది గానీ, బరువెక్కితే చూడాల్సిన చోటు వేరు.

పదడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు ఉన్న మామూలు కొట్టు షట్టర్‌నే తీసుకోండి. 1.25 మిల్లీమీటర్ల రేకుతో చేసినదైతే, మడతలేని సాపు రేకు లెక్క వేసినా 70 కిలోలు దాటుతుంది. పట్టీలు ఒకదాన్నొకటి పట్టుకునే మడతలూ, కింది అంచున ఉండే బాటమ్ పట్టీ, తాళం సామానూ కలిపితే వంద కిలోల దగ్గరికి చేరుతుంది. ఇంత బరువుని రోజూ ఒక్క మనిషి ఎత్తేస్తున్నాడంటే అది అతని కండబలం కాదు. పై పెట్టెలో రోలర్ పైపు మీద ఉండే స్ప్రింగుల చలవ. షట్టర్‌ని కిందికి లాగినప్పుడు అవి బిగుసుకుంటాయి. ఎత్తేటప్పుడు ఆ బిగువు విడిపోతూ బరువులో చాలా భాగాన్ని తానే మోస్తుంది. మనిషి చెయ్యాల్సింది ఆ చివరి కాస్త ఊతం ఇవ్వడమే.

కేంద్ర ప్రభుత్వ కట్టడాల పనులు చూసే సీపీడబ్ల్యూడీ వాళ్ల ధరల పట్టికలో రోలింగ్ షట్టర్ గురించి రాసినచోట, 27.5 సెంటీమీటర్ల పొడవున్న హై టెన్సైల్ ఉక్కు తీగ స్ప్రింగులు వేయాలని ఉంటుంది. విస్తీర్ణం 10 చదరపు మీటర్లు దాటిన షట్టర్లకి గొలుసూ క్రాంకూ పెట్టడానికి అదే పట్టికలో విడిగా రేటు ఉంది. పన్నెండు అడుగుల వెడల్పు, తొమ్మిది అడుగుల ఎత్తు అంటేనే 10 చదరపు మీటర్లు. అంతకంటే పెద్ద షట్టర్లని కూడా గొలుసు ఖర్చు మిగుల్చుకోవడానికి పనికుర్రాళ్ల నడుముల మీద వదిలేసిన గోదాములు మన ఊళ్లలో బోలెడు. మీది అలాంటిదైతే కింద చెప్పే కందెన సలహాలన్నీ రెండో మాటే. ముందు గొలుసు పెట్టించండి.

స్ప్రింగు బాగుందో లేదో తెలుసుకోవడానికి మెకానిక్కు అక్కర్లేదు. వీధిలో జనం లేనప్పుడు తాళాలన్నీ తీసి, పక్క కడ్డీలు వెనక్కి లాగి, షట్టర్‌ని నడుము ఎత్తుకి ఎత్తండి. కాళ్లు దూరంగా పెట్టుకుని చేతులు మెల్లగా వదలండి. అక్కడే నిలబడినా, నిదానంగా కొద్దిగా జారి ఆగినా బాగున్నట్టు. పూర్తిగా కిందికి దించిన దగ్గర కాస్త నేలనంటి ఉండాలనుకోవడం, చివరిదాకా ఎత్తిన దగ్గర కాస్త పైకి పోవాలనుకోవడం మామూలే. నడుము ఎత్తునుంచి దభీమని పడిందంటే బిగువు తగ్గింది, లేదా ఒక స్ప్రింగు తెగింది. చేతులు వదలగానే పైకి ఉరికిందంటే బిగువు ఎక్కువైంది. రెండోదాన్ని చాలామంది అదృష్టం అనుకుంటారు, ఎత్తడానికి తేలిక కదా అని. దించేటప్పుడు ఆ బిగువు మీద వేలాడాల్సి వస్తుంది. పైకి కొట్టుకుని కొట్టుకుని బాటమ్ పట్టీ చివర్ల ఆపుదల ముక్కలు వంగుతాయి, ఒకరోజు షట్టర్ మొత్తం పెట్టెలోకి చుట్టుకుపోయి కూర్చుంటుంది. ఇక ఎత్తుతుంటే ఒక పక్కకే వాలుతోందా? వాలిన పక్క స్ప్రింగుని అనుమానించండి.

ఈ పరీక్షలో తేడా కనిపిస్తే ఆ రోజుకి మీ పని అయిపోయినట్టే. స్ప్రింగు బిగించడం చూస్తే చాలా సులువు అనిపిస్తుంది. నిచ్చెనెక్కి పైపు పానా పట్టించి రోలర్ పైపుని కాస్త తిప్పడం, బ్రాకెట్ మీది యూ క్లాంపులు మళ్లీ బిగించడం, అంతే. వీడియోలు కూడా ఉన్నాయి. వాటిలో కనిపించనిది ఏమిటంటే, క్లాంపు వదులైన క్షణం నుంచి ఆ పైపులో ఉన్న బిగువంతా పానా పట్టుకున్న చేతి మీదే ఉంటుంది. పానా జారితే పైపు గిర్రున తిరుగుతుంది. పానా పిడి దవడకో, ముంజేతికో తగులుతుంది, మనిషి నిచ్చెన మీద నుంచి పడతాడు. ఏళ్ల తరబడి ఇదే పని చేసేవాళ్లు కూడా ఇద్దరు లేకుండా పైకెక్కరు. ఒక్కడే వచ్చి ప్లాస్టిక్ స్టూల్ వేసుకుని మొదలుపెట్టే మెకానిక్కుని వెనక్కి పంపడానికి మొహమాటపడకండి.

తెగినది ఒకటే అయినా మిగిలినవి కూడా మార్పించడం మేలు. అన్నీ ఒకే రోజు బిగించినవి, ఒకే లెక్కన తిరిగినవి. ఒకటి తెగిందంటే మిగతావీ ఆ దారిలోనే ఉన్నాయి. మార్చాక మోకాలు ఎత్తులో, నడుము ఎత్తులో, భుజం ఎత్తులో షట్టర్ ఎలా నిలుస్తుందో మెకానిక్కు ఎదుటే చూసి, ఆ తర్వాతే డబ్బులివ్వండి. సాయంత్రం ఫోన్ చేస్తే అతను ఇంకో ఊళ్లో ఉంటాడు.

ఇక మన చేతి పనికి వద్దాం. ఇక్కడా మొదట గుడ్డ, తర్వాతే నూనె. షట్టర్ రెండు పక్కలా పైకి కిందికి జారే గైడ్ ఛానళ్లలోనే అసలు కథంతా ఉంటుంది. వీధి దుమ్ము, సిమెంటు పొడి, కిరాణా కొట్టయితే పిండి, బట్టల కొట్టయితే నూలు పోగులు అన్నీ అందులో చేరతాయి. ఛానల్ అడుగున రెండంగుళాల మేర మట్టి గడ్డకట్టి ఉంటుంది. బాటమ్ పట్టీ నేలదాకా దిగకపోవడానికి, తాళం రంధ్రాలు కలవకపోవడానికి చాలాసార్లు ఆ గడ్డే కారణం. గట్టి బ్రష్షుతో, సన్నటి చెక్క పుల్లతో గీకి తీయండి, పొడి గుడ్డతో పైనుంచి కిందిదాకా తుడవండి. ఇంతతోనే సగం షట్టర్లు మాట వింటాయి.

ఛానల్లో గ్రీజు వద్దు. ఇది కొందరు మెకానిక్కులకి కూడా రుచించని మాట, కొత్త షట్టర్ బిగించగానే గైడ్లకి దట్టంగా గ్రీజు పట్టించడం వాళ్లకి అలవాటు. గ్రీజు మీద దుమ్ము వాలితే అది మెత్తటి ఆకురాయిలాగా మారి పట్టీల చివర్లనీ, ఛానల్ గోడల్నీ అరగదీస్తుంది. వేస్టు ఆయిల్ ఇంకా ఘోరం. ఇంజన్లోంచి దిగిన లోహపు పొడి, మసి దాంట్లోనే ఉంటాయి. కొట్టుకొచ్చినవాళ్ల చీరలకీ చొక్కాలకీ ఆ మరక అంటితే ఏ సబ్బుకీ పోదు. కొబ్బరినూనె చలికి గడ్డకడుతుంది, ఆముదం కొన్నాళ్లకి బంకలా సాగుతుంది. వంటింట్లో వీటికి చక్కటి పనులున్నాయి, షట్టర్ జోలికి రానివ్వకండి. ఛానల్‌కి ఏదైనా పెట్టాలనుకుంటే, తుడిచాక సిలికాన్ స్ప్రే పల్చగా కొట్టి, పది నిమిషాలాగి పొడి గుడ్డతో మరోసారి తుడిచేయండి. చేతికి తడి తగలకూడదు, వేలు జారాలి.

కందెన నిజంగా కావలసినవి పట్టీల మడతలు. షట్టర్ చుట్టుకునేటప్పుడు ప్రతి పట్టీ తన పక్క పట్టీ మీద కీలులా తిరుగుతుంది. ఉదయం వీధంతా వినిపించే ఆ గరగర అక్కడిదే. షట్టర్‌ని పూర్తిగా దించి, లోపలి వైపు నుంచి, ప్రతి కీలు వెంబడి పల్చగా స్ప్రే చేస్తూ రండి. బయటి వైపు వద్దు, ఆనుకుని నిలబడేవాళ్ల బట్టలు పాడవుతాయి, దుమ్మూ అటే ఎక్కువ. తర్వాత నాలుగైదుసార్లు పైకి కిందికి తిప్పి, బయటికి కారిందంతా తుడవండి. ఆ పూట కింద గోనెసంచులో పాత పేపర్లో పరవండి. తలుపు దగ్గరే బట్టల మూటలు, పుస్తకాలు పేర్చుకునే వాళ్లు వాటిని ముందే లోపలికి జరపాలి. స్ప్రే దొరకని ఊళ్లో కుట్టుమిషన్ నూనె పనికొస్తుంది. చిన్న బ్రష్షుతో రాయాలి తప్ప పోయకూడదు.

డబ్ల్యూడీ-40 గురించి ఒక మాట. దాదాపు ప్రతి హార్డ్‌వేర్ కొట్టులోనూ ఆ నీలం పసుపు డబ్బా కనిపిస్తుంది, అడిగిన ప్రతి పనికీ దాన్నే ఇస్తారు. 1953లో శాన్‌డియాగోలో ఒక చిన్న కంపెనీ, తేమని తరిమి తుప్పు పట్టకుండా చూడటానికి తయారుచేసిన ద్రవం అది. బిగుసుకున్న బోల్టునీ, తుప్పు పట్టిన కీలునీ వదులు చేయడంలో దానికి సాటి లేదు. కానీ ఆరాక మిగిలే పొర చాలా పల్చన, నెలల తరబడి రాపిడిని ఆపలేదు. తుప్పు వదలగొట్టడానికి దాన్ని వాడండి, తుడిచేయండి, ఆపైన అసలు కందెన వేయండి. ఆ మామూలు డబ్బా ఒక్కటే కొట్టి, నెలకే మళ్లీ శబ్దం వస్తోందని నిట్టూర్చేవాళ్లు చాలామంది.

రోలర్ పైపు రెండు చివర్లా బాల్ బేరింగులున్న షట్టర్లయితే ఏడాదికోసారి కాస్త గ్రీజు చాలు. బేరింగు లేని పాతకాలపు బుష్షు రకాలకి నాలుగు చుక్కల నూనె. గొలుసుతో తిరిగే పెద్ద షట్టర్లలో గేరు పళ్లకి గ్రీజు, గొలుసుకి పల్చటి నూనె. గ్రీజుకి ఇక్కడ పని ఉంది, ఎందుకంటే ఇవి పై పెట్టెలో, వీధి దుమ్ముకి కాస్త దూరంగా ఉంటాయి. స్ప్రింగులకి కూడా తుప్పు పట్టకుండా పల్చగా నూనె పొర కావాలి. అది మాత్రం మెకానిక్కు పెట్టె విప్పిన రోజున, అతని చేతనే చేయించుకోండి. పెట్టె విప్పేటప్పుడు కళ్లజోడు పెట్టుకోమనండి, కింద నిలబడిన మీరు కూడా. ఏళ్ల తుప్పు రజను నేరుగా కళ్లల్లోకే రాలుతుంది.

తాళాల సంగతి వేరు. తాళంచెవి దూర్చే రంధ్రంలో నూనె పోస్తే దుమ్ము చేరి లోపలి పిన్నులు జిగురు పట్టి కదలవు. వేసవిలో సరిగ్గా తిరిగిన తాళం, వాన మొదలవగానే చెవిని మింగేసి కూర్చుంటుంది. గ్రాఫైటు పొడి వేయండి. దొరక్కపోతే మెత్తటి పెన్సిల్ ముల్లుని చెవి పళ్ల మీద బాగా రుద్ది నాలుగుసార్లు తిప్పండి. పక్కలకి జారే కడ్డీలకి మాత్రం కుట్టుమిషన్ నూనె పెట్టొచ్చు. కడ్డీ రంధ్రంలోకి పోవడం లేదని సుత్తితో కొట్టేముందు, షట్టర్ నేలదాకా దిగిందో లేదో చూడండి. పది కేసుల్లో చాలావరకు ఛానల్ అడుగున మట్టే అడ్డం.

ఎండాకాలంలో షట్టర్ పట్టేస్తే ఇనుము వ్యాకోచించిందండీ అని ఒక మాట అనేసి చేతులు దులుపుకునే మెకానిక్కులున్నారు. లెక్క చూడండి. మూడు మీటర్ల ఉక్కు పట్టీ 40 డిగ్రీల మేర వేడెక్కినా పెరిగేది ఒకటిన్నర మిల్లీమీటర్ల లోపే. సరిగ్గా బిగించిన షట్టర్‌కి ఇది ఒక లెక్కలోకి రాదు. నిజంగా పట్టేస్తోందంటే పట్టీల చివర ఉండే లాకు ముక్కలు ఊడిపోయి, ఏదో ఒక పట్టీ పక్కకి జరిగి ఛానల్‌ని గీకుతోందన్నమాట. షట్టర్ దించి, రెండు పక్కలా పట్టీల చివర్లు ఒకే గీతలో ఉన్నాయో లేదో పైనుంచి కిందిదాకా చూపు సారించండి. బయటికి పొడుచుకొచ్చిన పట్టీ ఇట్టే తెలిసిపోతుంది. దాన్ని లోపలికి కొట్టి కొత్త లాకు రివిట్ చేయడం చిన్న పని. వదిలేస్తే ఆ ఒక్క పట్టీ ఛానల్ గోడని చీల్చేస్తుంది.

కింది పట్టీ తుప్పు గురించి ఎంత చెప్పినా తక్కువే. పొద్దున్నే కొట్టు ముందు కళ్లాపి చల్లుతాం, బకెట్టుతో కడుగుతాం, రెండూ పోయి చేరేది బాటమ్ పట్టీ మడతలోకే. రాత్రంతా ఆ నీళ్లు అక్కడే ఉంటాయి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు ఉప్పుగాలి తోడైతే పైన రంగు నిగనిగలాడుతూనే కింద రేకు పొరలు పొరలుగా రాలుతుంది. కడిగేది షట్టర్ ఎత్తాకే కడగండి. మూసినప్పుడు తడి ఉంటే ఒక గుడ్డ వేసి తుడవండి. ఏడాదికోసారి తుప్పు గీకి, రెడ్ ఆక్సైడ్ పూసి, ఆరాక రంగు వేయండి. సముద్రం పక్క ఊళ్లలో ఆర్నెల్లకోసారి. కొత్తది కొనేవాళ్లయితే ఈ ప్రాంతంలో జింకు పూత ఉన్న పట్టీలే అడగండి, తేడా డబ్బు రెండేళ్లలో వసూలవుతుంది.

రంగు అన్నాను కదా, సిమెంటు కంపెనీలూ ఫోన్ కంపెనీలూ షట్టర్ మీద ప్రకటన గీయించుకుంటామని వస్తాయి. ఉచితంగా రంగు వస్తోందని చాలామంది సరేనంటారు. గీసేవాళ్లు షట్టర్ దించి, మూడు పూతలు మందంగా కొట్టి వెళ్లిపోతారు. మడతల మధ్య రంగు గట్టిపడి పట్టీలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, మొదటిసారి ఎత్తినప్పుడు పటపటమని పెచ్చులు లేస్తాయి, కీళ్లు బిగిసిపోతాయి. రంగు పల్చగా వేయమని, పైపైన ఆరగానే నాలుగుసార్లు ఎత్తి దించి చూపించమని ముందే చెప్పండి.

వరద నీళ్లు వచ్చిన షట్టర్‌కి వేరే క్రమం ఉంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్ చుట్టుపక్కల కొట్లు రోజుల తరబడి మునిగే ఉన్నాయి. నీళ్లు తీశాక యజమానులకి ఆత్రం సహజం, లోపల సరుకు ఏమైందో చూడాలి. కానీ ఛానళ్లలో మేట వేసిన బురదతో షట్టర్‌ని బలవంతంగా ఎత్తితే పట్టీలు వంగిపోతాయి. ముందు మెయిన్ ఆఫ్‌లో ఉందో లేదో చూడండి. తర్వాత మంచినీళ్ల పైపుతో ఛానళ్లని పైనుంచి కడగండి, బురద కిందినుంచి వచ్చేదాకా. అంగుళం అంగుళం ఎత్తండి, మళ్లీ కడగండి. పూర్తిగా ఆరాక తేమని తరిమే స్ప్రే, ఆ తర్వాత కందెన. మోటారు నీళ్లలో మునిగితే ఎలక్ట్రీషియన్ విప్పి చూసేదాకా స్విచ్ ముట్టుకోకూడదు.

కరెంటు ప్రస్తావన వచ్చింది కాబట్టి షట్టర్ విషయంలో ప్రాణం తీసేది స్ప్రింగు కంటే ముందు ఇదేనని చెప్పాలి. కొట్టు బోర్డు లైటు తీగలు చాలాచోట్ల పై పెట్టె మీదుగానే లాగుతారు. ఎలుకలు కొరికినా, పెట్టె అంచు గీసుకున్నా, ఎండకి పైపొర పగిలినా ఆ తీగ ఇనుముకి తగులుతుంది. వానకి తడిసిన షట్టర్ మొత్తం కరెంటు పట్టుకుని నిలబడుతుంది, పొద్దున్నే తడి చేతులతో వచ్చినవాడు దాన్ని పట్టుకుంటాడు. ఇలాంటి చావుల వార్తలు ప్రతి వానాకాలం పేపర్లలో వస్తూనే ఉంటాయి. తీగలన్నీ పైపులో వేయించి పెట్టెకి దూరంగా జరిపించండి, షట్టర్ చట్రానికి ఎర్త్ ఇప్పించండి, బోర్డులో, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించి నెలకోసారి దాని టెస్ట్ బటన్ నొక్కి చూడండి. ముట్టుకుంటే జివ్వుమన్నా, చిన్నగా చీమ కుట్టినట్టనిపించినా ఆ రోజు కొట్టు తెరవకండి. టెస్టర్ వెలగలేదు కదా అని ధైర్యం చేయొద్దు. పై పెట్టెకి తీగలే కాదు, పక్షుల బెడదా ఉంది. అందులో పిచ్చుకలూ పావురాలూ గూళ్లు పెడతాయి, ఆ గడ్డీ పీచూ స్ప్రింగులకి చుట్టుకుంటాయి, రెట్ట రేకుని తినేస్తుంది. పిల్లలు ఎగిరిపోయాక గూడు తీయించి, సందుల్లో సన్నటి వల కొట్టించండి.

మోటారు షట్టర్లకి కందెన సలహా చిన్నదే: మోటారులో ఏమీ పోయొద్దు. పక్క కడ్డీలు తీయకుండా స్విచ్ నొక్కడమే ఎక్కువ షట్టర్లని పాడుచేస్తుంది. తాళం కిందికి పట్టుకుంటుంది, మోటారు పైకి లాగుతుంది, మధ్యలో పట్టీలు నలుగుతాయి. వరుసగా నాలుగైదుసార్లు ఎత్తి దించితే చాలా మోటార్లు వేడెక్కి తమంతట తామే ఆగుతాయి. కాలిపోయిందని కంగారు పడకుండా ఒక ఇరవై నిమిషాలు వదిలేయండి. కరెంటు లేనప్పుడు చేత్తో తిప్పే గొలుసు లోపలి వైపే ఉండి, కొట్టుకి వేరే తలుపు లేకపోతే బయట నిలబడి కరెంటు వాళ్ల కోసం ఎదురుచూడాలి. కొనేటప్పుడే బయటి నుంచి విడిపించే తాళమో బ్యాటరీనో అడగండి. నేలకి తగిలాక కూడా మోటారు కాసేపు తిరిగి పట్టీలు వదులుగా వేలాడుతుంటే లిమిట్ స్విచ్ సరిచేయించాలి.

రోజూ ఎత్తేది యజమాని కాదు, ఎనిమిదింటికే వచ్చే పనివాడు. కాబట్టి ఎత్తే పద్ధతి అతనికి నేర్పండి. రెండు పిడులూ రెండు చేతులతో, మోకాళ్లు వంచి, నడుము నిటారుగా. ఒక్క చేత్తో ఒక పక్క పట్టి గుంజితే షట్టర్ వాలి ఛానల్లో ఇరుక్కుంటుంది. పట్టీల మడతల్లో వేళ్లు పెట్టి లాగకూడదు, అవి చుట్టుకునేటప్పుడు కత్తెరలా మూసుకుంటాయి. దించడానికి కొక్కెం కడ్డీ ఉంచండి. గెంతి వేలాడటం, బాటమ్ పట్టీ మీద కాలేసి తొక్కడం బజారంతా చేసే పనే, ఆ పట్టీ వంగడానికి అదే కారణం. పొట్టివాళ్లయితే పిడికి ఒక నాడా కట్టించండి, రూపాయల్లో అయిపోయే పని. బరువెక్కిందని అతను చెప్పిన రోజున సోమరితనం అనుకోకుండా నడుము ఎత్తు పరీక్ష చేయండి.

రాత్రి కాపలాకి పనివాళ్లని లోపల పడుకోబెట్టి బయట తాళం వేసే అలవాటు ఇంకా ఉంది. 2022 మార్చి 23 తెల్లవారుజామున సికింద్రాబాద్ భోయిగూడలో తుక్కు గోదాంకి నిప్పంటుకుని, పైన నిద్రపోతున్న 11 మంది బీహార్ కూలీలు చనిపోయారు. వాళ్లు బయటపడాల్సిన దారి కింది అంతస్తులోంచే, అక్కడ షట్టర్ మూసి ఉంది. దూకి బతికింది ఒక్కడే. లోపల మనిషి ఉన్న రాత్రి షట్టర్ లోపలి నుంచి తెరుచుకోవాలి, లేదా వేరే తలుపుండాలి. మోటారు షట్టర్ అయితే కరెంటు పోయినప్పుడు గొలుసు ఎక్కడుందో చీకట్లో కూడా అతనికి తెలియాలి. ఇందులో బేరాలు లేవు.

ఏడాదికి రెండుసార్లు శ్రద్ధగా చూస్తే చాలు. వానలు వెళ్లాక, దసరా ఆయుధపూజకి ఎలాగూ కొట్టంతా దులుపుతాం, పసుపూ కుంకుమా పెట్టేముందే షట్టర్ తుడిచి కందెన పెట్టేయండి. రెండోది జూన్‌కి ముందు, తీగలూ ఎర్తింగూ చూసుకోవడానికి. పూజకి కట్టిన మామిడాకులూ పూలదండలూ మర్నాడే తీసేయండి, అవి చుట్టుకుని పెట్టెలోకి పోతే బయటికి రావు.

ఖర్చు ఎవరిదన్న గొడవ అద్దె కొట్లలో ఎప్పుడూ ఉంటుంది. నూనె, గుడ్డ, తాళం అద్దెదారువి. స్ప్రింగు, రోలర్, పట్టీల మార్పు ఇంటి యజమానిది. ఇలా పంచుకోవడం న్యాయంగా ఉంటుంది. అగ్రిమెంటులో ఈ రెండు వాక్యాలు రాయించుకోండి, దిగేరోజున షట్టర్ వీడియో తీసి పెట్టుకోండి. స్ప్రింగు మార్పించినప్పుడు పాతదాన్ని మెకానిక్కు పట్టుకుపోనివ్వకుండా చూపించమనండి. తెగిన చోట శుభ్రంగా, మెరుపుగా ఉంటే వాడకంతో అలసి తెగింది. తుప్పు గుంట దగ్గర తెగి ఉంటే పై పెట్టెలోకి వాన దిగుతోంది, కొత్త స్ప్రింగు బిగించేముందే ఆ చిల్లు వెతికి మూయించండి.